డంకన్ చచ్చిపోయేటప్పుడు కెమెరా ఎక్కడుంది?

షేక్స్‌పియర్ మాక్‌బెత్ నాటకం తెలుసు కదా, స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్, నువ్వు రాజవుతావని ముగ్గురు మంత్రగత్తెలు చెప్పిన జోస్యం విని, భార్య ఎగదోస్తే, తన ఇంటికొచ్చిన రాజు డంకన్‌ని చంపే కథ. అది చదివినవాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి, డంకన్ రాజు హత్య ఎలా జరుగుతుందో చెప్పమని. చాలామంది కళ్ళారా చూసినట్టు చెప్పేస్తారు, నిద్రపోతున్న ముసలి రాజు, పక్కన తాగి పడిపోయిన కాపలావాళ్ళు, కత్తులు, నెత్తురు, అన్నీ. తమాషా ఏంటంటే ఆ సీన్ నాటకంలో లేనే లేదు. గంట మోగుతుంది, మాక్‌బెత్ లోపలికి వెళ్తాడు, స్టేజ్ మీదకి అతని భార్య వస్తుంది, ఆవిడ చెవులు రిక్కించుకుని వెయిట్ చేస్తుంటే ఎక్కడో గుడ్లగూబ అరుస్తుంది, కాసేపటికి మొగుడు నెత్తురు చేతులతో బయటికొస్తాడు. అంతే, చంపడం తెర వెనకే అయిపోయింది. మనం చూసాం అనుకుంటున్నదంతా వాళ్ళ మాటల్లోంచి మనం కట్టుకున్నదే.

నాకూ ఈ సంగతి సినిమాలు చూసాకే తెలిసింది. ఒకదాంట్లో హత్య పూర్తిగా చూపించారు, ఇంకోదాంట్లో అసలు చూపించలేదు, ఇందులో ఒరిజినల్‌కి దగ్గరగా ఉన్నది ఏదబ్బా అని పుస్తకం తీస్తే అక్కడేమీ లేదు. అప్పట్నుంచి మాక్‌బెత్ సినిమా ఏది దొరికినా నేను చూసేది ఒక్కటే, రాజు చచ్చే టైంలో కెమెరా ఎవరి దగ్గరుంది అని. రాజు గదిలో ఉందా, బయట ఎదురుచూస్తున్న ఆవిడ దగ్గర ఉందా, లేదా రెండూ కాకుండా ఇంకెక్కడైనా తిరుగుతోందా. ఆ ఒక్క నిర్ణయంతో డైరెక్టర్ చాలా తేల్చేస్తాడు, ఈ మాక్‌బెత్ ఎలాంటి మనిషి, ఆవిడ ఎలాంటి మనిషి, మనం ఎవరి పక్కన కూర్చుని ఈ పాపం చూస్తున్నాం అనేవన్నీ. లైటింగు, సౌండు, కటింగు అన్నీ ఆ నిర్ణయం వెనకాలే నడుచుకుంటూ వస్తాయి అనేది నా థియరీ, ఒప్పుకోకపోయినా పర్లేదు, ముందు విషయంలోకి వెళ్దాం.

అసలు షేక్స్‌పియర్‌ని సినిమా తీయడంలో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆయన మాటలు కేవలం డైలాగులు కావు. ఈ నాటకం రాసింది 1606 ప్రాంతంలో అంటారు, అప్పట్లో గ్లోబ్ లాంటి థియేటర్లకి నడిమధ్య పైకప్పు ఉండేది కాదు, ఆట వేసేది మధ్యాహ్నం పూట. పట్టపగలు, నెత్తిన ఎండ, స్టేజ్ మీద మాత్రం అర్ధరాత్రి అవ్వాలి, ఎలా మరి. మాటలతోనే. నక్షత్రాల్లారా మీ వెలుగులు దాచుకోండి అంటాడు మాక్‌బెత్, చిక్కటి రాత్రీ వచ్చి కమ్ముకో అంటుంది ఆవిడ, ఇలా ఇద్దరూ కలిసి చీకటిని పిలుస్తూనే ఉంటారు. అంటే లైట్ ఆర్పే పని డైలాగే చేస్తోంది. గుడ్లగూబ అరిచింది, కీచురాళ్ళు అరిచాయి అని ఆవిడ చెప్తే అది సౌండ్ ఎఫెక్ట్. మొహం పాలిపోయిందేంటి అని ఒకరు ఇంకొకర్ని అంటే అది క్లోజప్. ఇప్పుడు సినిమా డైరెక్టర్ దగ్గర నిజం లైట్లున్నాయి, నిజం సౌండుంది, నిజం క్లోజప్పుంది. చీకట్లో తీసిన షాట్ మీద చీకటి గురించి పది లైన్లు చెప్పిస్తే చూసేవాడికి ఆవులింత వస్తుంది, పోనీ తీసేద్దామంటే ఆ లైన్ల కోసమే కదా జనం షేక్స్‌పియర్ దగ్గరకొచ్చేది. కాబట్టి ప్రతి లైన్ దగ్గరా డైరెక్టర్ ఆగి, ఈ లైన్ చేసే పనేంటి, ఆ పని కెమెరాకిచ్చి లైన్ తీసేయాలా, లైనే ఉంచి కెమెరాని నోరు మూసుకోమనాలా అని లెక్క చూసుకోవాలి.

హత్య అయ్యాక మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే ముక్కే తీసుకోండి. నువ్వేమన్నా అన్నావా? ఎప్పుడు? ఇప్పుడే. నేను మెట్లు దిగేటప్పుడా? ఆఁ. అంతంత పెద్ద కవిత్వం రాసిన మనిషి ఇక్కడికొచ్చేసరికి ఒక్కో మాట, ఒక్కో మాట, గుండె కొట్టుకుంటున్నట్టు రాసాడు. ఇప్పుడు దీన్ని ఎడిటింగ్ టేబుల్ మీద కూర్చుని చూడండి, ఆయన మొహం, ఆవిడ మొహం, కట్, కట్, కట్. నాలుగొందల ఏళ్ళ కిందట సినిమా లేదు కానీ కటింగ్ ఉంది అనిపిస్తుంది నాకైతే.

సరే, ఇప్పుడు ఈ మాటలన్నీ పూర్తిగా అవతల పడేసిన ఆయన దగ్గరికి వద్దాం. అకిరా కురొసావా 1957లో తీసిన త్రోన్ ఆఫ్ బ్లడ్. కథని స్కాట్లండ్ నుంచి యుద్ధాలతో కొట్టుకుంటున్న పాత జపాన్‌కి తీసుకెళ్ళిపోయాడు, మాక్‌బెత్ పేరు వషిజు, ఆవిడ పేరు అసాజి, తోషిరో మిఫూనె, ఇసుజు యమాదా చేసారు. షేక్స్‌పియర్ రాసిన లైన్ ఒక్కటి కూడా ఉండదు, అయినా చాలామంది ఇదే అన్నిట్లోకీ గొప్ప మాక్‌బెత్ సినిమా అంటారు, నేనూ ఆ గుంపులోనే ఉన్నా.

హత్య రాత్రి చూడండి. పెద్ద దొర, అంటే ఇక్కడి డంకన్, వీళ్ళ కోటకొచ్చాడు, వీళ్ళు తమ గది ఆయనకిచ్చేసి వేరే గదిలోకి మారాల్సొచ్చింది. ఆ గదిలో అంతకుముందు ఒక ద్రోహి పొడుచుకుని చచ్చిపోయాడు, ఆ నెత్తురు మరక ఎంత కడిగినా పోలేదు, పనివాళ్ళు దివిటీ పట్టుకుని దాన్ని చూసి జడుసుకుంటారు. గమనించారా, నాటకంలో ఈ నెత్తురు పోదా, సముద్రమంతా కలిపినా పోదా అని మాక్‌బెత్ హత్య తర్వాత ఏడుస్తాడు, ఇక్కడ ఆ పోని మరక హత్యకి ముందే గోడ మీద రెడీగా ఉంది, వీళ్ళు దాని ముందు కూర్చుని ప్లాన్ వేసుకుంటున్నారు. పేజీల కొద్దీ పశ్చాత్తాపం, ఆర్ట్ డైరెక్షన్ వాళ్ళకి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు కురొసావా.

ఆ గదిలో వషిజు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, పళ్ళు నూరతాడు, చెమటలు కక్కుతాడు, ఊపిరి వినిపిస్తుంది. అసాజి మాత్రం కదలదు. మోకాళ్ళ మీద కూర్చుని, చూపు ఎటో పెట్టి, ఒకే స్థాయిలో గొంతు పెట్టి చెప్పాల్సింది చెప్తూ పోతుంది. సినిమా వాళ్ళు బ్లాకింగ్ అంటారు కదా, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అనేది, దానికి ఇంతకంటే మంచి పాఠం నేను చూళ్ళేదు. మామూలుగా కదిలేవాడే బలవంతుడు అనుకుంటాం, ఇక్కడ కత్తి పట్టినోడు బోనులో జంతువులా తిరుగుతుంటే కదలనావిడ చేతిలో తాడుంది. జపాన్ వాళ్ళ నో నాటకాల్లోంచి తెచ్చుకున్న పద్ధతి ఇది, అందులో నటులు మాస్కులు పెట్టుకుంటారు, కురొసావా తన నటులకి ఒక్కొక్కరికి ఒక్కో నో మాస్క్ ఫొటో చూపించి ఆ మొహం పట్టుకోమన్నాడట. అందుకే యమాదా మొహం ఆ సీన్లలో మనిషి మొహంలా ఉండదు, చెక్కినట్టుంటుంది.

ఇక మాటలన్నీ ఆగిపోతాయి, కాపలావాళ్ళకి మత్తు కలిపిన సారా ఇవ్వాలి కదా, అసాజి లేచి పక్క గదిలోకి వెళ్తుంది. ఆ గదిలో దీపం లేదు, తలుపు అవతల నల్లటి చీకటి. ఆవిడ నడుచుకుంటూ ఆ నలుపులోకి వెళ్ళి మాయమైపోతుంది, ఫ్రేములో ఏమీ లేదు, వినిపించేది మాత్రం ఆవిడ పట్టు బట్ట నేలకి రాసుకుంటున్న చప్పుడు, సర్ర్ సర్ర్ మని. ఆ చప్పుడు దూరం పోయి, మళ్ళీ దగ్గరికొచ్చి, అదే చీకట్లోంచి తెల్లటి మొహం, చేతిలో సారా జాడీ. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు, డైలాగ్ లేదు. చీకట్లోకి వెళ్ళి చీకటి తెచ్చుకున్నట్టుంది. చిక్కటి రాత్రీ వచ్చి కమ్ముకో అని షేక్స్‌పియర్ ఆవిడ చేత పిలిపించాడు అన్నాం కదా, ఇక్కడ ఆవిడే లేచి వెళ్ళి చీకట్లో కలిసింది, మాట పోయి నడక మిగిలింది.

తర్వాత భర్త చేతిలో ఈటె పెడుతుంది, అతను వెళ్తాడు. మీరే డైరెక్టర్ అయితే ఏం చేస్తారు, అతని వెనకాలే వెళ్తారు కదా, కురొసావా వెళ్ళలేదు. ఆవిడ దగ్గరే ఉండిపోయాడు. ఖాళీ గది, మరక, ఎదురుచూస్తున్న ఆడమనిషి, అప్పటిదాకా బొమ్మలా కూర్చున్న ఆవిడ ఉన్నట్టుండి లేచి ఆ మరక ముందు తడబడే అడుగులతో తిరుగుతుంది, అది డాన్సా, వణుకా చెప్పలేం, వెనకాల నో వాద్యాలు అందుకుంటాయి. మనకి హత్య కనపడేది ఆ అడుగుల్లోనే. వషిజు తిరిగొచ్చి కూలబడతాడు, ఈటె నెత్తుటితో ఉంది, చేతులు దాన్ని వదలట్లేదు, బిగుసుకుపోయాయి, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి ఈటె లాక్కోవాల్సొస్తుంది. హత్య చూపించిన ఏ సినిమాలోనూ నాకు ఆ వేళ్ళంత భయం వెయ్యలేదు. ఆవిడ ఆ ఈటె పట్టుకెళ్ళి మత్తులో ఉన్న కాపలావాడి చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని, గేటు తెరిచి దొంగ దొంగ అన్నట్టు అరుస్తుంది, అప్పటికి గానీ మన హీరోగారికి స్పృహ రాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎమోషన్ పెరిగే కొద్దీ కెమెరా మొహం దగ్గరికి వెళ్ళాలి అనేది మనందరి కళ్ళకీ అలవాటైన రూల్, ఈ సినిమాలో క్లోజప్పులు చాలా తక్కువ, టెన్షన్ ఎక్కువయ్యే చోట కెమెరా వెనక్కి జరిగి మనిషిని కాళ్ళ దాకా చూపిస్తుంది. ఎందుకంటే క్లోజప్ ఇస్తే మనం ఆ మనిషితో కలిసిపోతాం, వీడి బాధ నా బాధ అనిపిస్తుంది. వెనక్కి జరిగితే ఏదో పైనుంచి చూస్తున్నట్టు, వీళ్ళు ఒక వలలో ఉన్నారు, వాళ్ళకి తెలీట్లేదు, మనకి తెలుస్తోంది అనిపిస్తుంది. జపనీస్‌లో సినిమా టైటిల్‌కి అర్థం సాలెగూడు కోట అనే. మొదట్లో వషిజు, అతని ఫ్రెండు గుర్రాల మీద దారి తప్పి పొగమంచులో తిరిగే సీన్ ఉంటుంది, కెమెరా వైపు వస్తారు, వెనక్కి తిరుగుతారు, మంచులో కలిసిపోతారు, మళ్ళీ వస్తారు, మళ్ళీ పోతారు, ఎన్నిసార్లు అంటే ఇక ఆపండ్రా బాబూ అనిపించేన్ని సార్లు. మొదటిసారి చూసినప్పుడు నేను ఫార్వర్డ్ కొట్టాను, సిగ్గులేకుండా చెప్తున్నా. రెండోసారి చూసినప్పుడు అర్థమైంది, ఆ విసుగే పాయింట్ అని, గూట్లో పడ్డ పురుగు ఎటు తిరిగినా అక్కడికే వస్తుంది. కోట సెట్ ఫుజి కొండ వాలు మీద వేసారు, నేల నల్లటి అగ్నిపర్వతపు మట్టి, మంచు దండిగా దొరుకుతుంది, తెల్లటి మంచు నల్లటి మట్టి తప్ప ఫ్రేములో ఇంకేమీ లేకుండా చేసుకున్నాడు.

ఇప్పుడు పూర్తిగా అటు చివరికి వెళ్దాం. రోమన్ పోలాన్‌స్కీ 1971 మాక్‌బెత్. ఆయన గర్భవతి భార్యని 1969లో ఇంట్లో దారుణంగా చంపేసారు, ఆ తర్వాత ఆయన తీసిన మొదటి సినిమా ఇదే, కాబట్టి ఇందులో నెత్తురు గురించి ఎవరు మాట్లాడినా ఆ సంగతి వచ్చేస్తుంది, నేను దాన్ని పెద్దగా లాగను. కెమెరా రాజు గదిలోకి వెళ్ళింది అనేదే నాకు కావాల్సిన ముక్క. మాక్‌బెత్ మంచం పక్కన నిలబడి కత్తి మొనతో దుప్పటి తప్పిస్తాడు, చేతులాడవు, ఆగిపోతాడు. రాజు కళ్ళు తెరుస్తాడు, ఎదురుగా ఉన్నదెవరో గుర్తుపడతాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు, పొడిచేస్తాడు, ఒకటి కాదు, వరసగా, కిరీటం దొర్లి నేల మీద పడుతుంది.

ఇది చౌకబారు పని అనేవాళ్ళున్నారు, షేక్స్‌పియర్ దాచింది వీడు బయటపెట్టాడు అని. నాకు అలా అనిపించలేదు. ఇందులో కత్తి దిగడం కన్నా రాజు కళ్ళు తెరవడం ముఖ్యం. ఆ ఒక్క చూపుతో క్యారెక్టర్ మారిపోయింది చూడండి, నాటకంలో మాక్‌బెత్ నిర్ణయం తీసుకుని వెళ్ళి చంపాడు, ఇక్కడ చంపలేక ఆగిపోయినవాడు దొరికిపోయానని చంపాడు. అధికారం మీద ఆశ తక్కువ, పిరికితనం ఎక్కువ. పైగా పోలాన్‌స్కీ ఇద్దర్నీ కుర్రాళ్ళని పెట్టాడు, జాన్ ఫించ్, ఫ్రాన్సెస్కా అనిస్, కొత్తగా పెళ్ళైన జంటలా ముచ్చటగా ఉంటారు, కోటలో కోళ్ళు పందులు తిరుగుతుంటాయి, తడి గడ్డి, బురద, మామూలు సంసారం కనిపిస్తుంది. దెయ్యాల కోట వేస్తే అక్కడ హత్య జరక్కపోతేనే ఆశ్చర్యం, నలుగురు మనుషులు దుప్పట్లు పరుచుకుని పడుకునే ఇంట్లో జరిగితే కడుపులో తిప్పుతుంది.

ఈ సినిమాలో మాక్‌బెత్ మనసులో మాటలు చాలావరకు పెదాలు కదలకుండా వాయిస్ ఓవర్‌లో వస్తాయి. స్వగతాల సమస్య పెద్ద సమస్యే, స్టేజ్ మీద నటుడు జనం వైపు తిరిగి చెప్పుకుంటాడు, సినిమాలో గదిలో ఒక్కడే నిలబడి గట్టిగా మాట్లాడితే పిచ్చోడనిపిస్తుంది. లారెన్స్ ఒలివియే 1948 హామ్లెట్‌లో ఉండటమా ఊడటమా (టు బీ ఆర్ నాట్ టు బీ) స్పీచ్ దగ్గర కెమెరాని ఏకంగా తల వెనకనుంచి లోపలికి పంపించి, కొంత మనసులో, కొంత పైకి చెప్పించాడు. వాయిస్ ఓవర్‌తో వచ్చే సుఖం ఏంటంటే విందులో పదిమంది మధ్య నవ్వుతూ కూర్చున్నోడి మొహం మీద వాడి లోపలి విషం వినిపించొచ్చు, ఆ దొంగబుద్ధి అలా ఇంకెలా చూపిస్తాం. నష్టం ఏంటంటే నటుడికి పనుండదు, మొహం పెట్టుకుని నిలబడాలంతే.

గాల్లో కత్తి సీన్ కూడా ఇలాంటి తలనొప్పే. నా కళ్ళ ముందున్నది కత్తేనా అని మాక్‌బెత్ అంటాడు, అక్కడ కత్తి లేదు. చూపించాలా వద్దా? పోలాన్‌స్కీ మెరుస్తూ తేలే కత్తిని చూపించేసాడు, సినిమా మొత్తంలో నాకు నచ్చని చోటు అదే, ట్రిక్ షాట్ చూస్తున్నాం అని తెలిసిపోతుంది, భయం పోతుంది. జస్టిన్ కర్జెల్ 2015లో తీసినదాంట్లో యుద్ధంలో చచ్చిపోయిన ఒక కుర్ర సైనికుడు నిలబడి కత్తి అందిస్తాడు, అంటే ఈ మాక్‌బెత్‌ది యుద్ధం తిరగబెట్టిన బుర్ర అని ఒక్క షాట్‌లో చెప్పేసాడు. ఆ ఐడియా నాకు నచ్చింది. స్లో మోషన్ యుద్ధాలు, ఎర్రటి పొగ అంతగా ఎక్కలేదు, అందం మరీ ఎక్కువైపోయి ఎవరికీ నొప్పెట్టట్లేదు అనిపించింది, అది నా గోల అనుకోండి. హత్య మాత్రం చూపిస్తాడు, పైగా చంపాక మాక్‌బెత్ అక్కడే శవం పక్కన ఉండగా రాజు కొడుకు మాల్కం డేరాలోకి వచ్చి చూసేస్తాడు, చూసి పారిపోతాడు. నాటకంలో మాల్కం ఎందుకంత తొందరగా పారిపోయాడు అని చదివినప్పుడల్లా కొంచెం డౌట్ ఉండేది, దానికిక్కడ జవాబు దొరికింది.

కత్తి సమస్యకి అన్నిట్లోకీ తెలివైన జవాబు జోయెల్ కోయెన్‌ది, 2021 ది ట్రాజెడీ ఆఫ్ మాక్‌బెత్. పొడుగాటి వరండా, ఆ చివర చీకట్లో ఏదో మెరుస్తోంది, కత్తిలా ఉంది, డెంజెల్ వాషింగ్టన్ స్పీచ్ చెప్పుకుంటూ దాని వైపు నడుస్తుంటాడు, దగ్గరికెళ్ళాక తెలుస్తుంది, అది రాజు గది తలుపు హ్యాండిల్. కత్తి కనపడింది, అబద్ధమూ కాదు. అతను భ్రమపడ్డాడా అంటే మనమూ పడ్డాం. ఇంకా ఏంటంటే కత్తి మీద చెయ్యేస్తే తలుపు తెరుచుకుంటుంది, హత్య చేద్దామనే ఊహకీ చేసే పనికీ మధ్య ఉన్నది ఒక్క గడియ. తర్వాత గదిలో రాజు కళ్ళు తెరుస్తాడు, మాక్‌బెత్ ఉష్ అన్నట్టు నోటి మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా, గొంతులో దింపుతాడు. పోలాన్‌స్కీ దగ్గరా కళ్ళు తెరిచాడు, ఇక్కడా తెరిచాడు, కానీ అక్కడ కంగారు, ఇక్కడ కంగారు లేదు. ఇతను ముసలి సైనికుడు, ఎంతమందిని చంపాడో, చిన్నపిల్లాడిని నిద్రపుచ్చినట్టు చంపుతాడు. డెంజెల్, ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ ఇద్దరూ అరవై దాటినవాళ్ళు, పిల్లలు పుట్టే వయసు దాటిపోయింది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు అనే మొహాలు. మాటలు దాదాపు అవే, ఫించ్ నోట వస్తే కుర్రతనం తొందర, ఈయన నోట వస్తే ఆఖరి బస్సు. క్యాస్టింగ్ కూడా డైరెక్షనే అని ఊరికే అనరు.

ఈ సినిమా బ్లాక్ అండ్ వైట్, ఫ్రేము కూడా దాదాపు చదరంగా ఉంటుంది, 1.19కి 1. మనకి అలవాటైన వెడల్పు తెరలో మనిషి పక్కన బోలెడు చోటు ఉంటుంది, లోకం కనిపిస్తుంది, ఎటైనా వెళ్ళొచ్చు అనిపిస్తుంది. చదరం ఫ్రేములో పక్కన చోటు లేదు, పైన ఉంది, గోడలూ తోరణాలూ నెత్తి మీద లేస్తుంటాయి, మనిషి బావి అడుగున నిలబడ్డట్టుంటాడు. మొత్తం స్టూడియో సెట్స్‌లోనే తీసారు, నీడలు కత్తితో కోసినట్టు పడతాయి, అది పగలో రాత్రో, కోటో కలో తెలీదు. మొదట్లో తెల్లటి మంచులో పక్షులు తిరుగుతుంటాయి, మనం ఆకాశంలోకి చూస్తున్నాం అనుకుంటాం, మంచు విడిపోతే కింద నేల మీద మనిషి నడుస్తున్నాడు, ఓహో పైనుంచి కిందకి చూస్తున్నామా అని అప్పుడు తెలుస్తుంది. మంచిదే చెడ్డది, చెడ్డదే మంచిది అని మంత్రగత్తెలు చెప్పే మాటని కెమెరా పొజిషన్‌తో చెప్పాడు. ఆ ముగ్గురు మంత్రగత్తెల్నీ క్యాథరిన్ హంటర్ ఒక్కావిడే చేసింది, నీళ్ళ ముందు నిలబడితే నీళ్ళలో ఇద్దరు కనిపిస్తారు.

ఇవన్నీ డబ్బులున్న సినిమాలు అనుకుంటే ఆర్సన్ వెల్స్ 1948 మాక్‌బెత్ చూడండి. చవక కౌబాయ్ సినిమాలకి పేరున్న రిపబ్లిక్ పిక్చర్స్‌లో, 23 రోజుల్లో షూటింగ్, కాగితపు గుజ్జుతో చేసిన కోట గోడలు. డైలాగులు ముందే స్కాట్లండ్ యాసలో రికార్డ్ చేసి నటుల చేత పెదాలు కదిపించారు, జనానికి అర్థం కావట్లేదని తర్వాత స్టూడియో వాళ్ళు మళ్ళీ డబ్బింగ్ చెప్పించారు. సెట్ బాలేదు అని దాచుకోవాల్సిన మనిషి ఏం చేసాడంటే గోడల మీద నీళ్ళు కార్పించి, చీకటి పెంచి, కోటని గుహ చేసేసాడు, గోడలకి చెమటలు పట్టినట్టుంటుంది. హత్య చుట్టూ ఉన్న భాగాన్ని దాదాపు ఒక రీలంత పొడవు, పది నిమిషాల దగ్గర దగ్గర, కట్ లేకుండా లాగాడు. హత్య కనిపించదు, కానీ కట్ కూడా లేదు, కాబట్టి ఊపిరి తీసుకునే చోటు లేదు. కట్ అంటే చూసేవాడికి రెప్పపాటు లాంటిది, అది ఇవ్వకపోతే ఆ గుహలో వాళ్ళతో పాటు మనమూ ఇరుక్కున్నట్టే. సినిమా మొత్తంగా ఎగుడుదిగుడుగా ఉంటుంది, వెల్స్ కిరీటం అయితే చూడ్డానికి నవ్వొస్తుంది, అయినా ఆ పది నిమిషాలకి దండం పెట్టొచ్చు.

మరి చంపడం కనిపిస్తూనే కెమెరా చంపేవాడి కన్నా ఆవిడకి దగ్గరగా ఉంటే? విశాల్ భరద్వాజ్ మక్బూల్, 2003. ముంబై అండర్‌వరల్డ్, డంకన్ స్థానంలో పంకజ్ కపూర్ చేసిన అబ్బాజీ, మాక్‌బెత్ ఇర్ఫాన్. అందులో పెద్ద మార్పు, లేడీ మాక్‌బెత్ ఇక్కడ మాక్‌బెత్ భార్య కాదు, అబ్బాజీ ఉంచుకున్న మనిషి, నిమ్మి, టబు చేసింది. కిరీటం కావాలి అనేది పక్కకెళ్ళి, ఆవిడ కావాలి అనేది ముందుకొచ్చింది. హత్య రాత్రి హోరున వాన, బాడీగార్డుకి తాగించి పడేసారు, అబ్బాజీ నిద్రపోతున్న మంచం మీదే పక్కన నిమ్మి ఉంది, మక్బూల్ తుపాకీతో వస్తాడు. పేలగానే నెత్తురు ఎగిరి పడేది ఆవిడ మీద. నాటకంలో ఆవిడ ఆ గదిలోకి తర్వాత వెళ్తుంది, కత్తులు కాపలావాళ్ళ పక్కన పెట్టి రావడానికి, ఇక్కడ హత్య ఆవిడ పక్కలో జరిగింది. చివర్లో మతి చెడి, గోడ మీద లేని నెత్తుటి మరకలు తుడుస్తుంటే మనకి వేరే ఫ్లాష్‌బ్యాక్ వెయ్యక్కర్లేదు, ఆ నెత్తురు ఆవిడ మొహం మీద పడటం మనం చూసాం కదా. సినిమా మొదట్లోనే ఓంపురి, నసీరుద్దీన్ షా ఇద్దరు పోలీసులు, ఇక్కడ మంత్రగత్తెలు వీళ్ళే, వ్యాన్ అద్దం మీద వేలితో జాతకచక్రం గీసి కూర్చుంటారు, కాసేపట్లో ఆ చక్రం మీదే నెత్తురు చిమ్ముతుంది. మంత్రగత్తెలూ, జోస్యం, నెత్తురు, అంతా ఒక అద్దంలో సర్దేసాడు, ఇలాంటిది చూస్తే నాకు కుళ్ళొస్తుంది.

సౌండ్ సంగతి కొంచెం మిగిలిపోయింది. నాటకంలో హత్య అయిన వెంటనే కోట తలుపు దబదబా కొడతారు ఎవరో. ఆ చప్పుడుకి ఒళ్ళు ఎందుకు జలదరిస్తుంది అని థామస్ డి క్విన్సీ అనే ఇంగ్లీషు రచయిత 1823లో ఏకంగా ఒక వ్యాసమే రాసాడు. ఆయన చెప్పేదేంటంటే, హత్య టైంలో మామూలు ప్రపంచం ఆగిపోయింది, వాళ్ళిద్దరూ నరకంలాంటి ఒక గదిలో ఉన్నారు, తలుపు చప్పుడుతో బయటి లోకం మళ్ళీ కదిలింది, మళ్ళీ కదిలాకే అంతసేపు ఆగిపోయిందని మనకి తెలిసింది. ఇది సౌండ్ డిజైన్ చేసేవాళ్ళు గోడకి అంటించుకోవాల్సిన మాట. నిశ్శబ్దం ఉందని ప్రేక్షకుడికి తెలియాలంటే అది పగలాలి. కోయెన్ సినిమాలో చుక్క పడే చప్పుడు, అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు ఒకదానికొకటి చుట్టాల్లా వినిపిస్తాయి, ఏది బయటిదో ఏది వాడి తలలోదో తెలీదు. కురొసావా అయితే తలుపు కొట్టడం మొత్తం ఎత్తేసాడు, బయటి నుంచి ఎవరూ రారు, ఆ నిశ్శబ్దాన్ని పగలగొట్టేది అసాజి కేకే. అప్పటిదాకా గొంతు పెంచని ఆవిడ.

ఆవిడ సంగతి ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూడాలి. చివర్లో వషిజు ఆవిడ గదిలోకి వచ్చేసరికి అసాజి ఒక పళ్ళెం ముందు కూర్చుని చేతులు కడుక్కుంటూ ఉంటుంది, ఆగదు, రుద్దుతూనే ఉంటుంది. కదలకుండా కూర్చుని అందర్నీ ఆడించిన మనిషి ఇప్పుడు కదలకుండా ఉండలేకపోతోంది. అప్పుడు తిరిగినవాడు ఇప్పుడు గడ్డకట్టి చూస్తున్నాడు. అదే బ్లాకింగ్, తిరగేసి.

ఇక వషిజు చావు. రాజు హత్యని దాచిపెట్టిన ఈ కెమెరా ఇతని చావు దగ్గర ఎక్కడికీ పోదు. సొంత సైనికులే కింద నుంచి బాణాలు వేస్తారు, అవి చాలావరకు నిజం బాణాలే, మిఫూనె పక్కన చెక్క గోడలో దబ్ దబ్ మని దిగుతుంటాయి, ఆ మొహంలో భయం నటన కాదని అందుకే అంటారు. ఒకటి, పది, ఇరవై, ఒంటి నిండా ముళ్ళు మొలిచినట్టు అయిపోయినా అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటాడు, ఆఖరికి ఒకటి మెడలోంచి అటూ ఇటూ దిగుతుంది. అప్పటిదాకా వాయించేసిన చప్పుళ్ళన్నీ ఠక్కున ఆగిపోతాయి. ఆ బాణంతోనే మెట్లు దిగి సైనికుల ముందుకొస్తాడు, అన్ని వందల మంది, ఒక్కడికి భయపడి వెనక్కి జరుగుతారు, చెయ్యి కత్తి పిడి మీదకి పోతుంది, కత్తి బయటికి రాదు, నల్లటి దుమ్ము లేచేలా పడిపోతాడు.